మందు ఘాటు

నేను ఒక ఆవిరి యంత్రాన్ని. జలుబు చేస్తే మీరు దుప్పటి కప్పుకుని తల దూర్చే నీళ్ల గిన్నెతో నన్ను పోల్చకండి, నాకు కోపం వస్తుంది. ఎండబెట్టిన ఆకును కాల్చకుండా, పొగ రానివ్వకుండా, లోపలి సారాన్ని మాత్రం వేడితో పైకి లేపి మనిషి నోటికి అందించడం నా వృత్తి. కాస్త వేడి తగ్గితే ఆకు ఊరికే పడుంటుంది. కాస్త పెరిగితే మాడిపోతుంది. ఆ రెండింటి నడుమ నిలబడటం అందరి వల్లా కాదు. నా వల్ల కూడా కాలేదనుకోండి, ఆ సంగతి చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

ముందు నా ఒళ్లు చెబుతాను. జానెడు పొడవు. అడుగున బ్యాటరీ, దాని మీద పింగాణీ గిన్నె, చిట్టచివర పీల్చుకునే మూతి. గిన్నెకూ మూతికీ మధ్య రెండు వేళ్ల వెడల్పున ఒక ప్లాస్టిక్ మెడపట్టీ. పక్కన మూడు దీపాలు ఉంటాయి. ఆకుపచ్చ వెలిగితే గోరువెచ్చన, పసుపుపచ్చ వెలిగితే వేడి, ఎరుపు వెలిగితే మరీ వేడి. ఇంతే నేను. నన్ను అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నా కర్మ కొద్దీ నాకు దొరికిన మొదటివాడికి పెద్ద చదువే ఉంది, తర్వాతి వాళ్లకు అనుభవం ఉంది. రెండూ ఒకటే.

సముద్రాల అవతల ఒక కర్మాగారంలో పుట్టాను. పుట్టకముందే నా మెడపట్టీ దగ్గర తగాదా వచ్చింది. నన్ను గీసింది కళ్లజోడు పెట్టుకున్న ఒక ఇంజనీరు అమ్మాయి. "ఈ పట్టీ గిన్నెను ఆనుకుని ఉంటుంది, వేడికి ఆగే రకం వెయ్యాలి" అని మూడు సమావేశాల్లో మొత్తుకుంది. ఆమె పై అధికారి నవ్వి, "ఒకసారి పీల్చాక పది నిమిషాలు చల్లారనివ్వమని కాగితంలో రాస్తాం కదా, ఇంకేం భయం?" అన్నాడు. మనుషులు కాగితంలో రాసింది చదువుతారని నమ్మిన మహానుభావుడు. అంత అమాయకుడు అధికారి ఎలా అయ్యాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. చివరికి మామూలు ప్లాస్టిక్కే వేశారు. చూడటానికి నల్లగా, నునుపుగా, ఎంతో పెద్దమనిషి తరహాగా ఉంటుంది. వేడి తగిలిందా, కుంపట్లో వంకాయలాగా మెత్తబడుతుంది.

అన్న మాట ప్రకారం కాగితం మాత్రం రాశారు. ఆరు భాషల్లో రాశారు. అందులో తెలుగు లేదు. అయితే చదువురాని వాళ్ల కోసం బొమ్మలు వేశారు. మెడ వాలిపోయిన యంత్రం ఒకటి, దాని మీద అడ్డంగా రెండు ఎర్ర గీతలు. ఆ బొమ్మను మరిచిపోకండి, మళ్లీ వస్తుంది.

నన్ను మొదట కొన్నది మాదాపూరులో హాస్టల్ గదిలో ఉండే అఖిలేష్ అనే కుర్రాడు. కంప్యూటర్ ఉద్యోగం. సిగరెట్లు మానేద్దామని కొన్నాడు. మూడు రోజులు నాలో పుదీనా ఆకు, చామంతి రేకులు వేసి పీల్చాడు. మూడు రోజులు సిగరెట్ ముట్టనందుకు తనను తానే మెచ్చుకుని, ఆ సంతోషంలో నాలుగో రోజు ఒక సిగరెట్ వెలిగించాడు. నేను డబ్బాలోకి, డబ్బా మంచం కిందికి వెళ్లిపోయాం. అక్కడ నాకు మంచి తోడే దొరికింది. ఒక యోగా చాప, రెండు ఇనప డంబెల్సు, మూడు తీగలు తెగిన గిటారు. మారిపోదామనుకున్న మనిషి ఎన్నిసార్లు అనుకున్నాడో తెలియాలంటే మంచం కింద చూడాలి.

ఆ మంచం కింద ఎనిమిది నెలలు పడి ఉన్నాక అతని మేనమామ వచ్చాడు. పేరు అంకమ్మరావు. మనిషి లోపలికి రాకముందే గొంతు వస్తుందని చుట్టాలు చెప్పుకునేవారట. నేను చూసే నాటికి మనిషి ముందు వచ్చాడు, గొంతు వెనక ఎక్కడో ఈడ్చుకుంటూ వచ్చింది.

ఈయన అద్దంకి వైపు గుండ్లవారిపాలెంలో ఉంటాడు. ఎద్దుల బండలాగుడు పోటీలకు వ్యాఖ్యాత. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఎద్దుల జతకు పెద్ద రాతిబండ కట్టి, ఇచ్చిన సమయంలో ఎంత దూరం లాగితే అంత గొప్ప. ఎద్దులు బండను లాగుతాయి, మైకులో వ్యాఖ్యాత జనాన్ని లాగుతాడు. ఎండలో, దుమ్ములో, పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఆపకుండా అరవాలి. ఇరవై నాలుగేళ్లుగా చుట్టుపక్కల ఏ తిరునాళ్ల జరిగినా "లాగు నాయనా లాగు, నీ తల్లి పాలు తియ్యన!" అన్న ఆ కేక ఈయనదే. ఎద్దుల యజమానులు తమ ఎద్దులు ఆ కేకకే కదులుతాయని నమ్మేవారు. ఆయనా నమ్మాడు. ఎద్దులను మాత్రం ఎవరూ అడగలేదు.

హైదరాబాదులో గొంతు డాక్టరమ్మ చిన్న గొట్టంతో లోపలికి చూసి, గొంతు తీగల మీద కాయలు కాశాయని చెప్పింది. అరచేతికి కాయలు కాసినట్టే, అరుపుకూ కాస్తాయట. మందేమిటని ఆయన అడిగాడు. ఆరు వారాలు మాట్లాడకూడదని, గుసగుస కూడా వద్దని, మాట వినకపోతే గొంతు మళ్లీ మునుపటిలా రాకపోవచ్చని ఆమె చెప్పింది.

అంకమ్మరావు గదికి తిరిగొచ్చి మేనల్లుడి ముందు గట్టిగా వాపోయాడు. మాట్లాడొద్దన్న సంగతిని గంటసేపు మాట్లాడాడు.

"అన్నం మానమను మానతా. చుట్ట మానమను మానతా. నోరు మూసుకుని కూర్చోమంటే అది మందెట్టయిద్దిరా? శివరాత్రి తిరునాళ్లకి అయిదు వారాలే ఉంది. నేను లేకండా బండెట్టా లాగుతారు?"

అఖిలేష్‌కు మామ మీద ప్రేమ ఉంది. ప్రేమతోబాటు మంచం కింద నేను ఉన్నాను. "ఇందులో ఆకు మందు వేసి పీల్చొచ్చు మావయ్యా, పొగ కాదు, గొంతుకి మంచిది" అంటూ నన్ను దుమ్ము దులిపి చేతిలో పెట్టాడు. ఎలా వాడాలో చూపించబోయాడు గానీ అంతలో ఫోన్ మోగింది. ఇలా నేను ఎవరికీ పనికిరాని వస్తువు నుంచి ఎవరికో ప్రాణాధారమైన వస్తువుగా ఒక్క నిమిషంలో మారిపోయాను. పదోన్నతులు ఎలా వస్తాయో నాకు ఆరోజే తెలిసింది.

గుండ్లవారిపాలెంలో నన్ను అరుగు మీద పెట్టగానే వీధి మొత్తం చూసిపోయింది. అంకమ్మరావు భార్య తిరపతమ్మ డబ్బాలోని కాగితాన్ని తీసి, అటూ ఇటూ తిప్పి, గట్టి కాగితం కదా అని మాగాయ జాడీ మూత కింద పెట్టుకుంది. ఆరు భాషల హెచ్చరికలు మాగాయ ఊటలో నానడం మొదలుపెట్టాయి. అది తప్పని నేను అనను. ఆ ఇంట్లో ఆ కాగితం చేసిన ఉపయోగకరమైన పని అదే.

ఇక వైద్యుడు. వైద్యం వీరాచారి అంటే పాలెంలో మంచి పేరు. ఆకులు తెలిసిన మనిషి, ఆ మాట ఒప్పుకోవాలి. అడ్డసరం ఆకు, తులసి, అతిమధురం, పిప్పళ్లు, శొంఠి కలిపి నూరి, వస్త్రగాళితం పట్టి మైదాపిండి కన్నా మెత్తగా చేసి తెచ్చాడు. ఆకును నలిపి వదులుగా వెయ్యమని నా కాగితం చెబుతుంది. ఆయన ఆ పొడిని నా గిన్నెలో వేసి, బొటనవేలితో నొక్కి నొక్కి, పొలంలో గట్టు వేసినట్టు గట్టిగా అదిమాడు. గాలి ఆడే దారి మూసుకుపోయింది. వేడికి పైకి పోవడానికి దారి లేక పక్కకు, నా మెడపట్టీ వైపు తిరిగింది. అయినా ఆకుపచ్చ దీపం మీద ఉంచి ఉంటే ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని.

"ఈ మూడు లైట్లు ఏంది ఆచారీ?" అని అడిగాడు అంకమ్మరావు.

వీరాచారి నన్ను చేతిలో బరువు చూసి, కళ్లు సగం మూసి, "పచ్చది పిల్లలకి, పసుపుది ఆడోళ్లకి, ఎర్రది నీబోటోళ్లకి" అని తేల్చేశాడు. అంత ధైర్యంగా అబద్ధం చెప్పేవాణ్ణి మా కర్మాగారంలో కూడా చూడలేదు. కానీ ఆయన అబద్ధమని అనుకోలేదు. వైద్యుడన్నాక అడిగినదానికి జవాబు ఉండాలి కదా.

ఎరుపు వెలిగింది. మొదటిరోజు బాగానే గడిచింది. అడ్డసరం వాసన, తులసి వాసన కమ్మగా వచ్చాయి. అంకమ్మరావు నాలుగు దమ్ములు లాగి పెదవి విరిచాడు.

"సప్పగా ఉందయ్యా. మందంటే నషాళానికి అంటాల గదా?"

ఇక్కడ మీకు ఒక విషయం చెప్పాలి. నేను తిరిగిన లోకంలో మందు హాయిగా ఉంటే మంచిదంటారు. పాలెంలో అలా కుదరదు. చేదుగా ఉంటే మందు, కళ్లనీళ్లు తెప్పిస్తే మంచి మందు, మనిషిని మంచం మీద కూలేస్తే దివ్యౌషధం. హాయిగా ఉన్నదాన్ని వాళ్లు ఫలహారం కింద జమ కడతారు. నా మొదటిరోజు పనితనం ఫలహారం కిందికే పోయింది.

రెండోరోజు నుంచి ఊరుమ్మడి వ్యవహారం మొదలైంది. ఒక ఇంటికి కొత్త వస్తువు వస్తే అది ఆ ఇంటిది మాత్రమే అనుకోవడం పాలెంలో అమర్యాద. దగ్గున్నవాళ్లు వచ్చారు, తుమ్ములున్నవాళ్లు వచ్చారు. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దాయన కూడా వచ్చి, రెండు దమ్ములు లాగి, మోకాలు తేలికైందని చెప్పి వెళ్లాడు. ఒకరు దింపితే ఇంకొకరు ఎత్తుకోవడమే, మూతిని తువ్వాలు కొంగుతో ఒకసారి తుడిచి. పది నిమిషాలు చల్లారాల్సిన నన్ను పది సెకన్లు కూడా ఎవరూ కింద పెట్టలేదు. సాయంత్రానికి నా మెడపట్టీ మెత్తబడింది. లోపలివైపు అంచు గిన్నెకు అంటుకుని, సన్నగా కాలడం మొదలుపెట్టింది.

మూడోరోజు అంకమ్మరావు దమ్ము లాగగానే గుక్క తిప్పుకోకుండా దగ్గాడు. కళ్లు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది. నేను భయపడ్డాను, నిజంగానే భయపడ్డాను. ఆ మనిషి గొంతులోకి వెళ్తున్నది అడ్డసరం కాదు, నా మెడ. ఆయన తల ఎత్తి, కళ్లు తుడుచుకుని, ముఖం వెలిగిపోతుండగా అన్నాడు:

"ఆచారీ! ఇప్పుడు దిగింది మందు!"

వీరాచారి గంభీరంగా తలూపాడు. "మూడు రోజులకి గాని ఆకు లొంగదు. నేను చెప్పలా?" నిజానికి ఆయన చెప్పలేదు.

అప్పుడు వంటింట్లోంచి తిరపతమ్మ వచ్చింది. గడప దగ్గరే ఆగి ముక్కు ఎగబీల్చింది.

"ఏందయ్యా ఈ కంపు? పోయినేడు మన కుక్కరు పిడి కాలినప్పుడు ఇట్టాగే వచ్చింది."

ఆ ఒక్క క్షణం నాకు ఆమె కాళ్లు పట్టుకోవాలనిపించింది. నాకు చేతులు లేవు.

"నీకేం తెలుసే? మందు ఘాటు అది."

"మందు ఘాటు నాకు తెల్వదా? ఇంట్లో శొంఠి నూరేది నేను కాదా? ఇది శొంఠి గాదు, పిప్పళ్లు గాదు. ప్లాస్టికు కాలే కంపిది."

"ఘాటు లేని మందూ కారం లేని కూరా ఒకటేనమ్మా" అన్నాడు వీరాచారి, ఇల్లాలికి పాఠం చెబుతున్నట్టు. "నువ్వు పొయ్యికాడ సంగతి సూసుకో. వైద్యం సంగతి మాకొదిలెయ్."

ముప్పై ఏళ్లుగా పొయ్యి దగ్గర ఉన్న మనిషికి ఏది మాడుతోందో తెలియదని, పొయ్యి దగ్గరికే పోని ఇద్దరు మగవాళ్లు తేల్చేశారు. ఆమె లోపలికి వెళ్లింది. మాగాయ జాడీ మూత తీసిన చప్పుడు వినిపించింది. కాసేపటికి నూనె మరకలతో, కారం రంగుతో ఉన్న కాగితం పట్టుకుని మళ్లీ వచ్చింది. మెడ వాలిన యంత్రం బొమ్మ మీద వేలు పెట్టింది. తర్వాత నా వైపు చూపించింది. అప్పటికే నా మెడ ఒక పక్కకు ఒరిగింది. ఆ కాగితాన్ని ఈ ప్రపంచంలో చదివిన ఏకైక మనిషి ఆమె. ఆరు భాషల్లో ఒక్కటీ రాకుండానే చదివింది.

వీరాచారి కాగితాన్ని దూరంగా పెట్టి చూసి తిరిగి ఇచ్చేశాడు. "అది వాళ్ల దేశం ఆకులకి. మన ఆకులకి వర్తించదు."

ఇక నా మెడ సంగతి. ఒరిగిన మెడను అలా వదిలేస్తే మూతి ఊడి వస్తుంది. పాలెంలో ఏది ఊడినా దానికి ఒకటే వైద్యం. అంకమ్మరావు పాత సైకిలు ట్యూబు తెచ్చి, కత్తెరతో పట్టీలా కోసి, నా మెడ చుట్టూ బిగుతుగా నాలుగు చుట్లు చుట్టి, పైన రాగితీగ కట్టాడు. మెడ నిలబడింది. అందరూ భేషన్నారు. ఇప్పుడు లోపల ప్లాస్టిక్, బయట రబ్బరు, రెండూ కలిసి కాలడం మొదలైంది. ఆ రోజు వచ్చిన ఘాటుకు అరుగు మీద పిల్లి లేచి పోయింది.

"ఇదీ మందంటే!" అన్నాడు అంకమ్మరావు. ఆ మాట సగం గాలిలా వచ్చింది.

వాళ్ల తర్కం ఎలా నడిచిందో చెబుతాను. గొంతు పోతున్నకొద్దీ ఇంకొంచెం మందు కావాలన్నారు. ఇంకొంచెం మందు పడేకొద్దీ గొంతు ఇంకొంచెం పోయింది. "రోగం బయటికొస్తంది" అని వీరాచారి, "పోయేముందు అట్టాగే యెగదన్నుద్ది" అని వీధివాళ్లు. వాళ్లలో చాలామంది ఘాటుకు తట్టుకోలేక నన్ను పీల్చడం మానేసి, సలహాలు మాత్రం మానలేదు. రోజుకు ఆరుసార్లు, ఎనిమిదిసార్లు నన్ను పీల్చేవాడు ఆయన ఒక్కడే. తిరునాళ్ల దగ్గరపడేసరికి పదిసార్లు. ఎరుపు వెలిగినప్పుడల్లా చల్లారిపోవాలని కోరుకున్నాను. బ్యాటరీ చచ్చిపోవాలని కోరుకున్నాను. ఏ వస్తువూ తన చావును అంత శ్రద్ధగా కోరుకుని ఉండదు. కానీ బ్యాటరీ దగ్గర మాత్రం మా అధికారి ఖర్చుకు వెనకాడలేదు, మంచి రకం వేశాడు మహానుభావుడు.

శివరాత్రి మర్నాడు పోటీలు. ఆయన రావద్దన్నా తిరపతమ్మ వెంట వచ్చింది. నన్ను చేతిసంచిలో వేసుకుని ఆయన మంచె ఎక్కాడు. ఎక్కేముందు మంచె వెనక నిలబడి గుండెల నిండా నాలుగు దమ్ములు లాగాడు. మైకుసెట్టు మస్తాను పక్కనే నిలబడి తుమ్మాడు.

కింద మైదానం చుట్టూ జనం. మొదటి జతను కాడికి కట్టారు. విజిల్ ఊదారు. అంకమ్మరావు మైకు అందుకుని, ఎడమచెయ్యి పైకెత్తి నోరు తెరిచాడు.

హార్నుల్లోంచి గాలి వచ్చింది. సైకిలు ట్యూబులోంచి గాలి పోయినప్పుడు వస్తుందే, అదే చప్పుడు.

జనం మైకు చెడిందనుకున్నారు. "ఏరా మస్తానూ!" అని కేకలు వేశారు. మస్తాను మైకును అరచేత్తో కొట్టాడు, ఊదాడు, "హలో హలో" అన్నాడు. ఆ హలో కొండల దాకా వినిపించింది.

"మైకు బానే ఉంది బాబాయా" అన్నాడు మెల్లగా.

అంకమ్మరావు మళ్లీ నోరు తెరిచాడు. మెడనరాలు పొంగాయి. ఏమీ రాలేదు. మైదానం మొత్తం ఆయన వైపే చూస్తోంది. ఎద్దులు మాత్రం అప్పటికే ఒక చుట్టు లాగేశాయి. ఇరవై నాలుగేళ్లుగా అవి కేకకే కదిలాయన్న నమ్మకం అక్కడే, అందరి కళ్లముందే చెదిరిపోయింది. ఆయన అది చూశాడు. నేను చేతిసంచి సందులోంచి ఆయన్ను చూశాను.

కమిటీవాళ్లు కంగారుపడ్డారు. కంగారులో మనుషులకు వచ్చే ఆలోచనలు యంత్రాలకు కలలో కూడా రావు. మస్తాను ఫోనులో పోయినేడు పోటీల రికార్డింగు ఉంది. "అదే పెట్టు, గొంతు ఆయన్దేగా!" అన్నారు. పెట్టాడు. హార్నుల్లోంచి అంకమ్మరావు గొంతు నిండుగా, కంచులా లేచింది. "లాగు నాయనా లాగు, నీ తల్లి పాలు తియ్యన!" జనం ఈలలు వేశారు. కానీ అది పోయినేటి వ్యాఖ్యానం. మైదానంలో ఒక జత ఉంటే మైకులో ఇంకో జత పేరు వస్తోంది. ఎద్దులు రెండో చుట్టులో ఉంటే మైకు అయిదో చుట్టు అంటోంది. బండ ఆగిపోయాక కూడా మైకు అదిగో కదిలింది, అదిగదిగో కదిలింది అని అరుస్తోంది. జనం మొదట నవ్వారు. అంతలో ఆ గొంతు, "అడుగో గోపయ్య! కుడిపక్క గోపయ్య! గోపయ్య కాలెత్తాడంటే నేల అదరాల!" అని పిలిచింది. గోపయ్య అనే ఆ ఎద్దు వానాకాలంలో జబ్బు చేసి చచ్చిపోయింది. దాని యజమాని, ఒక ముసలాయన, జనంలోనే ఉన్నాడు. తలగుడ్డ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వులు ఆగిపోయాయి.

మస్తాను ఫోను ఆపేశాడు. అంకమ్మరావు మంచె దిగి, వెనక ఉన్న బండరాయి మీద కూర్చున్నాడు. తన గొంతును తానే బయటినుంచి వినడం ఆయనకు అదే మొదటిసారి అనుకుంటాను. ఇంతకాలం ఆయన అరుస్తూ ఉండేవాడు, వినే తీరిక ఎక్కడిది? ఇప్పుడు వినడానికి తీరిక దొరికింది. అరవడానికి గొంతు లేదు.

తిరపతమ్మ వచ్చి పక్కన నిలబడింది. చేతిసంచిలోంచి నన్ను తీసి, రాగితీగ విప్పి, ట్యూబు చుట్లు ఊడదీసింది. మూతి పట్టుకుని లాగితే నా మెడ ముదురుపాకంలా తీగలు సాగి ఊడి వచ్చింది. లోపలంతా నల్లటి కురుపులు. దాన్ని ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇదా మందు?"

ఆయన తల వంచుకున్నాడు. ఆ సమయంలో నేను ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను. ఆ మనిషిని ముంచింది ఆయన మొండితనమే, వీరాచారి పెద్దరికమే, మా అధికారి పిసినారితనమే. కానీ ఆయన గొంతులోకి వెళ్లింది మాత్రం నేనే.

మర్నాడే గుంటూరు వెళ్లారు. అక్కడి డాక్టరు గొంతులోకి చూశాడు. లోపల వాచిపోయి, ఒరుసుకుపోయి ఉందన్నాడు. ఆరు వారాలు పూర్తి మౌనం, ఆ తర్వాత ఎంత వస్తే అంత అన్నాడు. హైదరాబాదు డాక్టరమ్మ చెప్పినది కూడా ఇదే మందు. కాకపోతే అప్పుడు గొంతు ఉంది.

పాలెంలో విచారణ జరిగింది. ఒక్కరు కూడా సైకిలు ట్యూబు పేరెత్తలేదు. "పైదేశం సరుకు అంతే" అన్నారు అందరూ. వీరాచారి ఒక రోజంతా ఆలోచించి, "ఆకులో దోషం లేదు, యంత్రం తయారైన ముహూర్తంలో ఉంది" అన్నాడు. ఆయన్ను మెచ్చుకోవాలి, నా మెడపట్టీ గురించి ఆయన చెప్పిన వాటిల్లో నిజానికి కాస్త దగ్గరగా ఉన్న మాట అదొక్కటే.

నన్ను పారెయ్యలేదు. తిరపతమ్మ నా పింగాణీ గిన్నెను కడిగి కుంకం పోసుకుంది. ఊడిన మెడపట్టీని, మిగతా ఒంటిని వసారా గూట్లో పెట్టింది. అక్కడినుంచి ఆ ఆరు వారాలూ చూశాను. ఆయన పలక మీద రాసేవాడు, ఆమె చదివి జవాబు చెప్పేది. ముప్పై ఏళ్ల సంసారంలో ఆమె మాట మధ్యలో తెగకుండా చివరిదాకా నడవడం అదే మొదటిసారి. ఆయనకు ఇంకో దారి లేక మొత్తం విన్నాడు. ఆమె చెప్పే వాటిల్లో చాలావరకు నిజమేనని కనుక్కున్నట్టు పలక మీద ఒకసారి రాశాడు. వెంటనే చెరిపేశాడు.

ఆరు వారాలు గడిచాయి. డాక్టరు ఇక మెల్లగా మాట్లాడమన్నాడు. అంకమ్మరావు మాట్లాడలేదు. ఏడో వారం మాట్లాడలేదు. ఎనిమిదో వారమూ పలకే. ఎందుకో ఇంట్లో నాకు, తిరపతమ్మకు మాత్రమే తెలుసు. సాయంకాలం గొడ్లచావిడిలోకి వెళ్లి, గేదె ముందు నిలబడి, నోరు తెరిచేవాడు. తెరిచి, అలాగే మూసుకుని వచ్చేసేవాడు. ప్రయత్నించకపోతే గొంతు ఉందేమో అన్న ఆశ మిగులుతుంది. ప్రయత్నించి అది లేదని తేలితే ఆ ఆశ కూడా పోతుంది. అంత గొంతున్న మనిషి అంత పిరికివాడు కావడం చూసి నాకు వెక్కిరించాలనిపించలేదు. నాకు అలా అనిపించడం అరుదు.

తిరపతమ్మ బతిమాలింది, కసిరింది, దేవుడికి మొక్కింది. ఒకరోజు పొద్దున అన్నీ ఆపేసింది. ఆయన వసారాలో కూర్చుని పలుపుతాడు పేనుకుంటున్నాడు. ఆమె గూటి దగ్గరికి వచ్చి, నన్ను వదిలేసి, ఊడిన మెడపట్టీని మాత్రం తీసుకుని దొడ్లోకి వెళ్లింది. దొడ్లో నీళ్లు కాగే కట్టెలపొయ్యి మండుతోంది. నా మెడను పొయ్యిలో పడేసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గాలికి ఎదురుగా దూరంగా వెళ్లి నిలబడింది.

గాలి వసారా వైపు వీచింది. పలుపుతాడు పేనే చేతులు ఆగాయి. అంకమ్మరావు ముక్కు ఎగబీల్చాడు. లేచాడు. తువ్వాలు జారిపోయింది.

"తిరపతా! ప్లాస్టికు కాలతందే! ఏడనో ప్లాస్టికు కాలతంది!"

కంచు కాదు. పగిలిన కుండలాంటి గొంతు. కానీ వీధి చివరిదాకా వినిపించింది. వినిపించాక ఆయనే ఉలిక్కిపడి, మెడ పట్టుకుని, వసారా స్తంభానికి ఆనుకుని అలాగే నిలబడిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

దొడ్లోంచి తిరపతమ్మ గొంతు తాపీగా వచ్చింది.

"కాదయ్యా. మందు ఘాటు."

అలా అంటూనే ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పొగ ఆమె వైపు రావడం లేదు.

నా బతుకు మొత్తంలో నా వల్ల బాగుపడిన గొంతు అదొక్కటే. అది కూడా నన్ను పీల్చి కాదు.